ఆ ఓడకు నీళ్లతో పనిలేదు

రెండో ప్రపంచ యుద్ధంలో నేవీలో చేసిన తాతగారున్న ఇళ్లలో, ముఖ్యంగా విశాఖ, విజయనగరం, శ్రీకాకుళం వైపు, ఒక మాట వినిపిస్తూ ఉంటుంది: "మా తాత సర్కార్స్ అనే ఓడ మీద పనిచేశాడు." మనవడు ఆ ఓడ ఫొటో కోసం వెతుకుతాడు. దొరకదు. ఎప్పుడు కట్టారు, ఎన్ని టన్నులు, చివరికి ఏమైంది అని చూస్తాడు. అవీ దొరకవు. తాత కాస్త కోతలు కోశాడేమోనన్న అనుమానం అక్కడే మొదలవుతుంది.

తాత కోతలు కోయలేదు. సర్వీసు కాగితంలోనూ అదే రాసి ఉంటుంది: హెచ్‌ఎంఐఎస్ సర్కార్స్. హిజ్ మెజెస్టీస్ ఇండియన్ షిప్ అన్నమాట. కాకపోతే ఆ ఓడకు నీళ్లతో పనిలేదు. అది విశాఖపట్నంలో గోడలు, గేటు, బ్యారక్‌లు, జెండా కర్ర ఉన్న నౌకాదళ స్థావరం. ఉత్తర సర్కారుల పేరే దానికి పెట్టారు. ఇప్పుడు కూడా ఐఎన్‌ఎస్ సర్కార్స్‌గా అక్కడే ఉంది. ఒడ్డున కట్టిన స్థావరానికి ఓడ పేరు పెట్టడం, అందులోని నేలను డెక్ అనడం, గేటు దాటి ఊళ్లోకి పోవడాన్ని "ఒడ్డుకు వెళ్లడం" అనడం బ్రిటిష్ నౌకాదళం నుంచి వచ్చిన అలవాటు. ఆ మాటలే తాత నోట ఇంటికి వచ్చాయి. ఇంట్లో వాళ్లకు ఓడంటే ఓడే.

ఇందులో అర్థం చేసుకోవాల్సిన కీలకం ఒకటుంది. సర్వీసు కాగితంలో "ఓడ" అనే గడిలో ఉన్నది ఆ మనిషి కాళ్లు ఎక్కడున్నాయన్న సమాచారం కాదు. అతని జీతం, రేషను, బట్టల లెక్క ఏ పద్దులో రాశారన్న సమాచారం. నౌకాదళంలో ప్రతి మనిషీ ఏదో ఒక ఓడ పద్దులో ఉండి తీరాలి. పెద్ద ఓడకు సొంత పద్దు ఉంటుంది. మోటార్ లాంచీలు, ల్యాండింగ్ క్రాఫ్టులు, హార్బర్ డిఫెన్స్ పడవల వంటి చిన్నవాటికి ఉండదు. వాటి మనుషుల లెక్కలు ఒడ్డున ఉన్న స్థావరం పుస్తకాల్లో నడిచేవి. సరుకు ఓడల మీద తుపాకులు పేల్చడానికి పంపిన నేవీ మనుషులదీ అంతే. అందువల్ల పొరపాటు రెండు వైపులా జరుగుతుంది. ఓడ పేరున్నా మనిషి ఒడ్డునే ఉండి ఉండవచ్చు. స్థావరం పేరున్నా ఏడాది పొడుగునా సముద్రం మీదే ఉండి ఉండవచ్చు. స్థావరం పేరు పక్కన బ్రాకెట్లో సన్నగా ఇంకో పేరో, లేదా రెండక్షరాలూ ఒక అంకె కనిపిస్తే దాన్ని వదలొద్దు. మనిషి నిజంగా ఎక్కిన పడవ అదే కావచ్చు. ఫొటోకాపీలో ముందు మాయమయ్యేది కూడా ఆ సన్న రాతే.

రాయల్ ఇండియన్ నేవీ ఆ పేరుతో ఏర్పడింది 1934 అక్టోబర్ 2న. అంతకుముందు దాని పేరు రాయల్ ఇండియన్ మెరైన్. 1939లో యుద్ధం మొదలయ్యేసరికి రెండు వేల లోపు మనుషులున్న చిన్న దళం అది. యుద్ధం ముగిసేసరికి పాతిక వేలు దాటింది. అన్ని వేల మందిని అంత వేగంగా చేర్చుకుని, నేర్పి, పంపాలంటే ఒడ్డున స్కూళ్లు కావాలి. ఆ స్కూళ్లన్నింటికీ ఓడల పేర్లే. కాబట్టి కాగితంలో వరసగా కనిపించే ఆ పేర్లే మనిషి పనేమిటో చెప్పేస్తాయి.

బొంబాయిలోని తల్వార్ సిగ్నల్ స్కూలు. ఆ పేరుంటే తాతగారు టెలిగ్రాఫిస్టో సిగ్నల్‌మనో అయి ఉండే అవకాశం ఎక్కువ. కరాచీలో బహదూర్, దిలావర్‌లలో చిన్న వయసులో చేరిన కుర్రాళ్లకు శిక్షణ, హిమాలయలో తుపాకుల శిక్షణ, చమక్‌లో రాడార్. బొంబాయి వెర్సోవాలోని మచ్లీమార్‌లో జలాంతర్గాముల వేట నేర్పేవారు. జామ్‌నగర్ దగ్గరి వల్సురా టార్పెడో స్కూలు. 1942 డిసెంబరులో మొదలైంది. లోనావ్లాలోని శివాజీ ఇంజను పనివాళ్లది, 1945 ఫిబ్రవరిలో మొదలైంది. కాబట్టి 1943లో శివాజీలో శిక్షణ పొందాడని ఇంట్లో చెబుతుంటే తేదీ తప్పయినా కావాలి, స్థలం తప్పయినా కావాలి. మద్రాసులో అడయార్, కొచ్చిన్‌లో వెందురుత్తి, కలకత్తాలో హుగ్లీ. డల్హౌసీ అని ఉంటే అది బొంబాయిలో క్యాజిల్ బ్యారక్స్. రెండు పోస్టింగుల మధ్య మనుషులు కొన్ని వారాలు అక్కడ ఆగేవారు. అందుకే చాలామంది కాగితాల్లో ఆ పేరు రెండు మూడుసార్లు వస్తుంది. దాన్ని పట్టుకుని పెద్ద కథ అల్లనక్కర్లేదు.

కాగితం చదివేటప్పుడు

మొదట చూడాల్సింది పేరు కాదు, అఫీషియల్ నంబరు. పేరుతో వెతికితే మన పేర్లు మనల్నే మోసం చేస్తాయి. రిక్రూటింగ్ గుమస్తాకు తెలుగు రాకపోతే ఇంటిపేరు, పెట్టిన పేరు, తండ్రి పేరు, ఊరి పేరు ఏవి ఎక్కడ పడతాయో చెప్పలేం. ఇంటిపేరు పూర్తిగా ఎగిరిపోయి తండ్రి పేరే చివరి పేరుగా స్థిరపడటం మామూలు. అప్పలస్వామి అనే ఒక్క పేరునే ఇంగ్లీషులో నాలుగైదు రకాలుగా రాయవచ్చు: రెండు పీలతో ఒకసారి, ఒక పీతో ఒకసారి, చివర వైతో ఒకసారి, ఐతో ఒకసారి, మధ్యలో వి బదులు డబ్ల్యూతో ఇంకోసారి. సూర్యనారాయణ సగంలో తెగి సూర్య ఒక పేరు, నారాయణ ఇంకో పేరు అవుతాయి. నంబరు మాత్రం ఒక మనిషికి ఒక్కటే. డిశ్చార్జి కాగితం మీద, పే బుక్కులో, ఒక్కోసారి కిట్ బ్యాగు మీద, ట్రంకు పెట్టె మూత లోపలి వైపు పెయింటుతో కూడా ఆ నంబరు కనిపిస్తుంది. పెట్టెకు కొత్త రంగు వేయించే ముందు మూత లోపల ఒక ఫొటో తీయండి.

తరవాత ఊరు. 1940ల కాగితంలో శ్రీకాకుళం జిల్లా ఉండదు, ఎందుకంటే ఆ జిల్లా ఏర్పడిందే 1950లో. విజయనగరం జిల్లా 1979లో వచ్చింది, ప్రకాశం 1970లో. అప్పటి రాతల్లో శ్రీకాకుళం పట్నం చికాకోల్, కాకినాడ కోకనాడ, భీమునిపట్నం బిమ్లిపటం, మచిలీపట్నం మసులిపటం, విజయవాడ బెజవాడ, ఏలూరు ఎల్లోర్. విశాఖపట్నం వైజాగపటం. చికాకోల్ తాలూకా, వైజాగపటం జిల్లా అని ఉంటే "మా తాత వైజాగ్ వాడు కాదే, కాగితం ఇంకెవరిదో" అనుకుని పక్కన పెట్టేసినవారున్నారు. పెట్టకండి.

పుట్టిన తేదీని నమ్మొద్దు. ఉద్యోగం కోసం వయసు పెంచి చెప్పిన కుర్రాళ్లు ఎంతమందో, ఊళ్లో పుట్టిన తేదీ తెలియక అంచనాగా రాయించినవారూ అంతమంది. తేదీ జూలై 1 అనో జనవరి 1 అనో గుండుగా ఉంటే అది అంచనా అనే అనుకోవాలి. పుట్టుమచ్చలు, ఎత్తు, తండ్రి పేరు, వీటిని చూడండి. మనిషిని గుర్తుపట్టడానికి ఇవే నమ్మకమైనవి.

ఇక పొట్టి అక్షరాలు. ప్రవర్తన గడిలో వీజీ అంటే వెరీ గుడ్. అది పెద్ద ప్రశంస కాదు, తప్పు చేయని ప్రతివాడికీ వచ్చేదే. వీజీ లేకపోతేనే ఆగి చూడాలి. పనితనం గడిలో శాట్ అంటే సంతృప్తికరం, సూప్ అంటే అంతకంటే మెరుగు. మనవలు గర్వపడాల్సింది వీజీకి కాదు, సూప్‌కి. డీడీ అంటే సర్వీసులో ఉండగా చనిపోయాడని. ఆర్ అనే ఒంటి అక్షరం ఉంటే రన్, అంటే చెప్పకుండా వెళ్లిపోయాడని. ఎస్‌ఎన్‌ఎల్‌ఆర్ అంటే "ఇక సేవలు అవసరం లేదు" అని పంపేశారని. ఇన్‌వాలిడెడ్ అంటే ఆరోగ్యం చెడి పంపేశారని. బ్రిటిష్ పద్ధతిలో చెడ్డ ప్రవర్తనతో పంపిన మనిషి సర్టిఫికెట్ మూల కత్తిరించేవారు. మూల లేకపోతే కంగారుపడి తీర్పు చెప్పకండి. కత్తెర తెంపు తిన్నగా ఉంటుంది, ఎలుక కొరుకుడు ఉండదు. మన ట్రంకు పెట్టెల్లో రెండోదే ఎక్కువ.

ఫొటో ఏం చెబుతుంది, ఏం చెప్పదు

టోపీ పట్టీ మీద ఓడ పేరు ఉంటుందని అందరూ భూతద్దం తీసుకుంటారు. యుద్ధకాలంలో రహస్యం కోసం పట్టీ మీద ఓడ పేరు తీసేసి ఒట్టి హెచ్‌ఎంఐఎస్ అనే అక్షరాలే ఉంచారు. కాబట్టి అలాంటి పట్టీ కాలాన్ని చెబుతుందే తప్ప ఓడను చెప్పదు. ఐఎన్‌ఎస్ అని ఉంటే ఆ ఫొటో 1950 జనవరి 26 తరవాతిది. స్వాతంత్ర్యం వచ్చాక కూడా రెండున్నరేళ్లు పాత అక్షరాలే నడిచాయి. 1948లో తీసిన ఫొటోలో హెచ్‌ఎంఐఎస్ కనిపిస్తే ఆశ్చర్యం లేదు.

ఎడమ చేతి మీద వీ ఆకారపు చారలు మూడు చూసి "సార్జెంట్" అని రాసేస్తారు. నేవీలో సార్జెంట్ లేడు. అవి హోదా గుర్తులు కావు, సత్ప్రవర్తన చారలు. బ్రిటిష్ లెక్కలో మొదటిది మూడేళ్లకు, రెండోది ఎనిమిదేళ్లకు, మూడోది పదమూడేళ్లకు. 1942లో చేరిన మనిషి భుజం మీద 1945లో మూడు చారలుంటే, చేరిన సంవత్సరమో ఫొటో సంవత్సరమో తప్పు. హోదా చెప్పేది లంగరు. ఎడమ చేతి మీద ఒక లంగరుంటే లీడింగ్ సీమన్, రెండు లంగర్లు అడ్డంగా ఉంటే పెటీ ఆఫీసర్. కుడి చేతి మీది గుర్తు పని చెబుతుంది. ప్రొపెల్లరు ఉంటే స్టోకరు, అంటే బాయిలర్, ఇంజను వైపు. రెక్కల మధ్య మెరుపు ఉంటే టెలిగ్రాఫిస్టు. అడ్డంగా పెట్టిన రెండు జెండాలుంటే సిగ్నల్‌మన్. నక్షత్రంలో సి అక్షరముంటే వంటవాడు, డబ్ల్యూ అయితే గుమస్తా. ఆఫీసర్ అయితే కఫ్ మీది బంగారు చారల ఆకారం చూడాలి. తిన్నగా ఉంటే రెగ్యులర్, అలల్లా వంకరగా ఉంటే వాలంటీర్ రిజర్వు, రెండు పాయలు అల్లినట్టుంటే సరుకు ఓడల నుంచి వచ్చిన రిజర్వు.

ఎడమ, కుడి అంటున్నాం కాబట్టి ఒక జాగ్రత్త. పాత ఫొటోను మళ్లీ ప్రింటు వేయించినప్పుడు నెగటివ్ తిరగబడితే చేతులు మారిపోతాయి. టోపీ మీది అక్షరాలు అద్దంలోలా కనిపిస్తే ఫొటో తిప్పి వేశారన్నమాట. అక్షరాలు చదవడానికి రాకపోతే చొక్కా జేబు, గడియారం చూడండి.

మెడల్స్ లెక్క

యుద్ధకాలపు మెడల్స్ చాలావాటి మీద మనిషి పేరు ఉండదు. కానీ అవి ఏ కలయికలో ఉన్నాయన్నదే ఒక చిన్న సర్వీసు రికార్డు.

ఆరు కోణాల నక్షత్రాల్లో 1939-45 స్టార్ రిబ్బన్ ముదురు నీలం, ఎరుపు, లేత నీలం. నౌకాదళానికి ఇది రావాలంటే మామూలుగా ఆరు నెలలు యుద్ధం జరిగే జలాల్లో తేలుతూ ఉండాలి. అంటే ఇది ఉన్న తాత కాగితంలో సర్కార్స్ అని మాత్రమే ఉన్నా సరే, సముద్రం మీదికి వెళ్లాడు. బ్రాకెట్లోని పేరు కోసం మళ్లీ వెతకండి. బర్మా స్టార్ రిబ్బన్‌కు మధ్యలో వెడల్పాటి ఎరుపు, అటూ ఇటూ ముదురు నీలంలో నారింజ గీత. ఇది చూసి "తాత బర్మాలో యుద్ధం చేశాడు" అని రాయకండి. నౌకాదళానికి ఆ మెడల్ లెక్కలో బంగాళాఖాతం మొత్తం ఉంది. కొలంబో, కలకత్తా మధ్య ఓడల బారుకు కాపలా కాసిన మనిషి బర్మా నేల మీద కాలు పెట్టకుండానే దాన్ని సంపాదించవచ్చు. అట్లాంటిక్, ఆఫ్రికా, ఇటలీ స్టార్లు ఉంటే ఓడ ఆ వైపు వెళ్లింది. 1943 జూలైలో మిత్రదేశాల సేనలు ఇటలీ దీవి సిసిలీ మీద దిగినప్పుడు సట్లెజ్, జమున ఓడలు అక్కడ ఉన్నాయి.

సింహం రెండు తలల డ్రాగన్‌ను తొక్కుతున్న వెండి రంగు గుండ్రటి మెడల్ వార్ మెడల్. 28 రోజులు చేసిన ప్రతివాడికీ ఇది వస్తుంది. దాని పక్కన భారతదేశ పటం ఉన్న ఇండియా సర్వీస్ మెడల్ ఉంటే అసలు విషయం దొరికినట్టే. దానికి దేశంలో మూడేళ్ల సర్వీసు కావాలి, లెక్క 1945 సెప్టెంబర్ 2తో ముగుస్తుంది. అంటే ఆ మెడల్ ఉన్న మనిషి 1942 సెప్టెంబర్ మొదటి వారానికి ముందే చేరి ఉండాలి. కాగితాలన్నీ పోయిన ఇంట్లో చేరిన ఏడాదికి హద్దు గీసేది ఇదొక్కటే కావచ్చు.

అశోక స్తంభం ఉన్న మెడల్ ఏదైనా సరే స్వాతంత్ర్యం తరవాతిది. పూర్వీ స్టార్, పశ్చిమీ స్టార్, సంగ్రామ్ మెడల్ 1971వి. "యుద్ధంలో చేశాడు" అన్న మాటలో ఏ యుద్ధమో ఇంట్లో ఎవరికీ గుర్తు లేకపోతే దీనితోనే తేలిపోతుంది.

కథలను తేదీలతో కలపడం

ఇంట్లో మిగిలే కథలు ఎక్కువగా నాలుగైదు సంఘటనల చుట్టే తిరుగుతాయి. ఒక్కోదానికి తేదీ ఉంది. ఆ తేదీన తాత ఏ పద్దులో ఉన్నాడో చూసుకుంటే చాలు.

జపాను విమానాలు విశాఖ మీద బాంబులు వేసింది 1942 ఏప్రిల్ 6న. అదే రోజు కాకినాడ మీదా పడ్డాయి. సరిగ్గా అదే రోజు బర్మా తీరంలో అక్యాబ్ దగ్గర హెచ్‌ఎంఐఎస్ ఇండస్‌ను విమానాలు ముంచేశాయి. "బాంబుల రోజు" అన్న జ్ఞాపకం ఒడ్డుదా ఓడదా అన్నది అడిగి తెలుసుకోవాల్సిన విషయం. ఓడ మునిగిన కథ ఇంకా ముందుదైతే 1940 జూన్‌లో బొంబాయి దగ్గర మునిగిన పఠాన్ కావచ్చు. బొంబాయి రేవు మొత్తం పేలిపోయిందన్న కథ 1944 ఏప్రిల్ 14 నాటిది. పత్తి, పేలుడు సామగ్రి కలిపి ఎక్కించిన ఫోర్ట్ స్టికిన్ అనే సరుకు ఓడ రేవులోనే పేలింది. నేవీ ఓడ ఎల్ హింద్ కూడా ఆ ప్రమాదంలో పోయింది.

బెంగాల్ కథ వేరు. 1942 నవంబర్ 11న, కోకోస్ దీవులకు నైరుతిగా, 12 పౌండర్ అనే చిన్న తుపాకీ ఒకే ఒక్కటి ఉన్న చిన్న ఓడ హెచ్‌ఎంఐఎస్ బెంగాల్, తను కాపలా కాస్తున్న డచ్ ట్యాంకర్ ఒండినాతో కలిసి, పెద్ద తుపాకులున్న రెండు జపాను దాడి ఓడలను ఎదుర్కొంది. వాటిలో హొకొకు మారు మునిగింది. రాయల్ ఇండియన్ నేవీ చరిత్రలో అందరూ చెప్పుకునే పోరాటం ఇది. అందుకే చాలామంది తాతలు దాని మీద ఉన్నట్టు వినిపిస్తుంది. ఆ ఓడ మీద ఉన్నది వందమంది లోపే. ఆ నవంబరులో తాత పేరు దిలావర్‌లో శిక్షణలో ఉంటే ఆ కథ తోటివాళ్ల నుంచి విన్నది. విన్న కథను తనదిగా చెప్పుకోవడం అబద్ధం కింద లెక్క వేయనక్కర్లేదు. యాభై ఏళ్లు చెప్పుకుంటూ పోతే "మా ఓడలు" కాస్తా "మా ఓడ" అవుతుంది.

అన్నింటికంటే ఎక్కువ చిక్కు పెట్టేది "విశాఖ దగ్గర సబ్‌మెరైన్‌ను ముంచారు, తాత ఉన్నాడు" అనేది. వినగానే అందరికీ 1971 డిసెంబర్‌లో విశాఖ బయట మునిగిన పాకిస్తాన్ జలాంతర్గామి ఘాజీ గుర్తొస్తుంది. 1946లో ఇంటికొచ్చేసిన మనిషి దానిలో ఎలా ఉంటాడని కథను కొట్టేస్తారు. కానీ విశాఖ దగ్గర అంతకు ముందే ఒకటి మునిగింది. 1944 ఫిబ్రవరి 11న ఆర్ఓ-110 అనే జపాను జలాంతర్గామిని హెచ్‌ఎంఐఎస్ జమున, రెండు ఆస్ట్రేలియా ఓడలు లాన్సెస్టన్, ఇప్స్‌విచ్ కలిసి ముంచాయి. తాతగారి కాగితంలో ఆ నెలలో జమున ఉంటే కథ అక్షరాలా నిజం.

పేర్లే అడ్డు పడే చోటు మరొకటి, మన నదుల ఓడలు. తాత "గోదావరి మీద చేశాను" అంటే ఏ గోదావరి? యుద్ధకాలపు హెచ్‌ఎంఐఎస్ గోదావరి 1943లో దళంలో చేరింది. 1944 ఆగస్టు 12న హిందూ మహాసముద్రంలో జర్మనీ జలాంతర్గామి యూ-198ని బ్రిటిష్ ఓడ ఫిండ్‌హార్న్‌తో కలిసి ముంచింది. దేశ విభజనలో ఆ గోదావరి పాకిస్తాన్ వాటాకు పోయి సింధ్ అని పేరు మార్చుకుంది. 1953లో బ్రిటన్ నుంచి వచ్చిన ఇంకో ఓడకు మళ్లీ గోదావరి అని పేరు పెట్టారు. 1983లో దేశంలో కట్టిన మూడో గోదావరి వచ్చింది, 2015 దాకా నడిచింది. ఇంటర్నెట్‌లో మొదట కనిపించేది ఆ మూడోదాని ఫొటో. దాన్ని ఫ్రేము కట్టించి తాత ఫొటో పక్కన వేలాడదీసిన ఇళ్లున్నాయి. కృష్ణకూ ఇదే తంతు. యుద్ధకాలపు ఓడ పేరు ఇంగ్లీషులో కిస్ట్నా, విభజన తరవాత మన దగ్గరే ఉంది. 1995లో వచ్చిన ఐఎన్‌ఎస్ కృష్ణ వేరే ఓడ.

సర్వీసు 1946 తొలి నెలల్లో ముగిసిందంటే ఇంట్లో రెండు రకాల కథలు పుడతాయి. 1946 ఫిబ్రవరి 18న తల్వార్‌లో మొదలైన నావికుల సమ్మె తిండి, మర్యాద, జీతాల దగ్గర మొదలై 78 ఓడలకు, 20 స్థావరాలకు పాకి 23న ఆగింది. అందులో ఉన్నవారిలో కొందరిని జైల్లో పెట్టారు, కొందరిని ఎస్‌ఎన్‌ఎల్‌ఆర్ అనో డిస్మిస్డ్ అనో రాసి పంపేశారు. అదే నెలల్లో యుద్ధం ముగిసిందని వేలమందిని మామూలుగానే విడుదల చేశారు. కాగితంలో రిలీజ్డ్ అని ఉంటే దాన్నిబట్టి సమ్మెలో ఉన్నాడనీ లేడనీ చెప్పలేం. డిటెన్షన్ రోజులు రాసిన గడి, జీతం కోత, మెడల్స్ జప్తు ఉన్నాయేమో చూడండి. ఈ సమ్మెను కేంద్ర ప్రభుత్వపు స్వాతంత్ర్య సమరయోధుల పింఛను పథకం గుర్తించిన ఉద్యమాల్లో చేర్చారు. అందుకే పాత పింఛను దరఖాస్తు నకలు ఇంట్లో ఎక్కడైనా ఉంటే అది సర్వీసు కాగితమంత విలువైనది. జైలు తేదీలు, ఓడ పేరు, సాక్షుల పేర్లు అందులోనే ఉంటాయి.

ఇంత చేశాక కూడా ఏదీ కలవకపోతే ఒక ప్రశ్న వేసుకోవాలి: అసలు నేవీయేనా? తీరప్రాంతంలో సరుకు ఓడల మీద లస్కరుగా, అంటే మామూలు ఓడ పనివాడిగా చేసినవారినీ "నేవీలో" అనే అంటారు. వారి దగ్గర ఉండేది డిశ్చార్జి పుస్తకం, దాన్నే నల్లీ అనేవారు. అందులో ఒక్కో ప్రయాణానికి ఎక్కిన తేదీ, దిగిన తేదీ, ఓడ పేరు, కెప్టెన్ సంతకం వరసగా ఉంటాయి. ఓడ పేర్ల ముందు హెచ్‌ఎంఐఎస్ ఉండదు. యుద్ధంలో సముద్రం మీద ప్రాణాలు పోయినవారిలో వారిదే పెద్ద భాగం. సముద్రంలో పోయి సమాధి లేనివారి కోసం ఉన్న బొంబాయి, చిట్టగాంగ్ స్మారకాల పుస్తకంలో నేవీవారు 400 పైచిలుకు అయితే, సరుకు ఓడలవారు దాదాపు 6,000. చనిపోయినవారి పేర్లు కామన్వెల్త్ వార్ గ్రేవ్స్ కమిషన్ వెబ్‌సైటులో ఉచితంగా వెతకవచ్చు. ఊరి పేరు, తండ్రి పేరు కూడా చాలాచోట్ల ఉంటాయి. పాత స్పెల్లింగులతోనే వెతకాలి.

రికార్డు అడిగేముందు ఇంట్లో ఉన్నది కాపాడుకోవాలి. మెడల్స్‌ను బ్రాసో పెట్టి తోమకండి. నక్షత్రాల మీద గీతలు, అక్షరాలు అరిగిపోతాయి. మెత్తటి పీవీసీ కవర్లలో, ఆల్బమ్ జేబుల్లో పెట్టకండి. ఆ ప్లాస్టిక్ నుంచి వచ్చే ఆమ్లం రాగి కలిసిన లోహాన్ని తినేసి పచ్చటి పొడి పట్టిస్తుంది. సముద్రపు గాలి తగిలే ఊళ్లో అది ఇంకా తొందరగా జరుగుతుంది. రిబ్బన్లను ఉతకొద్దు. కాగితాలను ల్యామినేషన్ చేయించడం మన దగ్గర పెద్ద జబ్బు. ఒకసారి వేడి ప్లాస్టిక్ అంటుకుంటే కాగితాన్ని దాని నుంచి విడదీయలేం, లోపల అది పసుపెక్కుతూనే ఉంటుంది. పాలిప్రొపిలిన్ ఫోల్డరులో విడివిడిగా పెట్టి, స్టీలు పెట్టెకు తగలకుండా మధ్యలో కాగితం వేస్తే చాలు. ఫొటో వెనక రాయాల్సి వస్తే మెత్తటి పెన్సిలుతో రాయండి, బాల్ పెన్ను ముందువైపు గాడి పెడుతుంది. స్కాన్ 600 డీపీఐకి తగ్గొద్దు, కాగితం వెనక వైపు కూడా చేయాలి. స్టూడియో ముద్ర అక్కడే ఉంటుంది.

సెయిలర్ల రికార్డులు చూసేది ముంబై మాన్‌ఖుర్ద్‌లో చీతా క్యాంపులో ఉన్న బ్యూరో ఆఫ్ సెయిలర్స్. అసలు కాగితాలు పంపకండి, నకళ్లే. నంబరు, చేరిన సంవత్సరం, పేరు ఎన్ని స్పెల్లింగుల్లో ఉండవచ్చో అన్నీ, తండ్రి పేరు, అప్పటి తాలూకా, జిల్లా పేర్లు పాత రూపంలో, మరణ ధ్రువపత్రం, మీరు వారసులని చూపే కాగితం జత చేయండి. జిల్లా సైనిక సంక్షేమ కార్యాలయం ద్వారా పంపితే మంచిది, అక్కడ ఫార్మాటు తెలిసినవారుంటారు. సమాచార హక్కు చట్టం కింద అడిగితే ఫీజు 10 రూపాయలు, జవాబుకు గడువు 30 రోజులు. ఇందులో చాలా దరఖాస్తులు వీగిపోయేది అడిగే తీరు వల్లే. "మా తాతగారి గురించి పూర్తి వివరాలు ఇవ్వండి" అంటే ఏ కాగితం తీయాలో అవతలివారికి తెలియదు. "ఫలానా నంబరు గల సెయిలర్ సర్వీసు డాక్యుమెంట్ నకలు, ఓడలు, తేదీలు ఉన్న పేజీతో సహా" అని అడగండి. దొరకలేదని జవాబు వస్తే వేరే స్పెల్లింగుతో, నంబరు చివరి అంకె మీద అనుమానం ఉంటే ఆ అంకె మార్చి మరోసారి. పాత చేతిరాతలో 1, 7 ఒకేలా ఉంటాయి, 3, 8 కూడా.

మనిషి రికార్డు రాకపోయినా ఓడ రికార్డు దొరకవచ్చు. ఓడల కదలికలు, పోరాటాల నివేదికలు లండన్ దగ్గర క్యూలోని నేషనల్ ఆర్కైవ్స్‌లో ఏడీఎం 199 వరసలో ఉన్నాయి. ఢిల్లీలోని జాతీయ అభిలేఖాగారం కేటలాగును అభిలేఖ్ పటల్ అనే సైటులో ఇంటి నుంచే వెతకవచ్చు. అక్కడ కూడా విశాఖపట్నం అని కొడితే తక్కువ వస్తాయి, వైజాగపటం అని కొట్టాలి.

ఇంతకీ ఉత్తరం మీద రాసే ఆ చిరునామాలోని చీతా ఉంది చూశారూ, 1946 నాటి బొంబాయి జాబితాలో అది కూడా ఓడే. హెచ్‌ఎంఐఎస్ చీతా, ట్రాంబే. ఎప్పుడూ తేలలేదు.